ఆ గడిలో ‘తెలియదు’ అని ఎలా రాశారు?

ప్రశ్న: నాకు 49 ఏళ్ళు. చెన్నై పెరంబూరులో ఉంటాం. మా తాతయ్య శ్రీకాకుళం వైపు పల్లె నుంచి 1935లో రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళారు. యుద్ధమప్పుడు ఇంటికొచ్చి, మళ్ళీ వెళ్ళి అక్కడ బర్మా ఆవిడను చేసుకున్నారు. 1965లో ఆవిడ కూతుర్ని, అంటే మా అత్తయ్యను, వెంటబెట్టుకుని ఓడలో మద్రాసు వచ్చేశారు. ఆ బర్మా ఆవిడ అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు కజిన్స్ అందరం కలిసి ఒక యాప్‌లో వంశవృక్షం తయారుచేస్తున్నాం. బర్మా నాయనమ్మ పేరు పెడితే పరువు పోతుందని పెదనాన్నగారి అబ్బాయి గొడవ. అందుకని ఆ గడిలో ‘తెలియదు’ అని పెట్టాను. అత్తయ్య మనవడు అది ఆవిడకి చూపించాడట. నాన్న పోయాక ఎలాగూ రాకపోకలు తగ్గాయి. ఇప్పుడు వెళితే మంచినీళ్ళిచ్చి లోపలికి వెళ్ళిపోతోంది. అన్నయ్యను ఎలా ఒప్పించాలి? ఓడ కాగితాలు, ఆవిడ పేరు ఎక్కడ దొరుకుతాయి?

జవాబు: అమ్మా, మీ అన్నయ్యను ఒప్పించాల్సిన పనే లేదు, ఆయన్ని వదిలేయండి. కాగితాలంటారా, ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్ ఉంది, పాత మద్రాసు ప్రెసిడెన్సీ దస్త్రాలు అక్కడుంటాయి, వెళ్ళి అడగండి. 1935లో తాతగారు వెళ్ళినప్పటి పాస్‌పోర్టు కోసం మాత్రం వెతక్కండి. 1937 దాకా బర్మా కూడా ఇండియాలో ఒక రాష్ట్రమే.

కానీ ఆ పేరు కోసం ఆర్కైవ్స్ దాకా ఎందుకు? కన్న కూతురు బర్మా నుంచి వచ్చినవాళ్ళుండే వ్యాసర్‌పాడిలోనో, మీకు రెండు వీధుల అవతలో బతికుండగా తల్లి పేరు తెలియదని ఎలా రాయగలిగారు? పదిహేడేళ్ళకో పద్ధెనిమిదేళ్ళకో అత్తయ్య ఓడెక్కి ఉంటుంది. బర్మాలో 1962లో సైన్యం గద్దెనెక్కింది, 1964లో కొట్లన్నీ ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది, పెద్ద నోట్లు ఒక్కరోజులో చెల్లకుండా పోయాయి. మనవాళ్ళు ఉన్నదంతా అక్కడే వదిలి ఓడలెక్కారు. మీ అత్తయ్య తల్లినే వదిలి వచ్చింది. ఆ తల్లికి మీరు ఇచ్చింది ఒక ఖాళీ గడి.

“నాన్న పోయాక రాకపోకలు తగ్గాయి” అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నాకు మీ ఉత్తరంలో కనబడింది ఆ ముక్కే. తగ్గించింది ఎవరు? మీ నాన్నగారు ఉన్నన్నాళ్ళూ సంక్రాంతికి తోబుట్టువుకి చీర పెట్టే ఉంటారు. తర్వాత ఎవరు పెట్టారు? మగపిల్లలున్నారా లేరా అన్నది నాకు అనవసరం. ఆడపడుచుకి పుట్టింటి చీర అన్న కూతురు పెట్టకూడదని ఏ శాస్త్రంలోనూ లేదు. సగం రక్తమే కదా అని మనసులో ఎక్కడైనా ఉంటే ఇప్పుడే తీసేయండి. ఇంకో మాట కూడా అడగాలి. బర్మా నుంచి వచ్చినవాళ్ళకని ప్రభుత్వం ఇళ్ళు, అప్పులు, 1969లో బర్మా బజార్‌లో కొట్లు ఇచ్చింది. తాతగారికి అలా ఏదైనా వచ్చి ఉంటే అందులో అత్తయ్యకు ఏం ముట్టింది? ఇంట్లో ఎవరూ మాట్లాడి ఉండరు. వంశవృక్షం గీయడానికి కూర్చున్నవాళ్ళు ఈ లెక్క కూడా చూసుకోవాలి.

ఈ ఆదివారం వెళ్ళండి. చీర, పసుపు కుంకుమ, పళ్ళు పట్టుకెళ్ళండి. ఫోన్ సంచిలోంచి తీయొద్దు. “అత్తయ్యా, ఆ గడి అలా పెట్టడం నా తప్పు, అన్నయ్యకి భయపడి పెట్టాను” అని మొహం మీదే చెప్పండి. అన్నయ్య మీదకి నెట్టేయకుండా చెప్పండి, పెట్టిన చెయ్యి మీది. ఆ రోజు పేరు అడగొద్దు. మళ్ళీ వెళ్ళండి, ఊరికే వెళ్ళండి. అరటిదవ్వ వేసి మొయింగా (బర్మావాళ్ళ చేపల పులుసు నూడుల్స్) చేస్తానంటే పక్కన కూర్చుని దవ్వ తరగండి. ఆవిడ చేతికి ఆ వంట వాళ్ళమ్మ దగ్గర్నుంచే వచ్చి ఉంటుంది.

ఆవిడగా పేరు చెప్పిన రోజున, ఎలా పలికితే అలాగే తెలుగులో రాసుకోండి. బర్మావాళ్ళకు ఇంటిపేర్లుండవు, మన ఇంటిపేరు తగిలించకండి. వయసులో ఉన్నప్పుడు ‘మ’, పెద్దయ్యాక ‘డా’ అని పేరు ముందు గౌరవంగా చేరుస్తారు, కాబట్టి ఎప్పుడైనా రెండు రకాలుగా కనబడితే ఇద్దరు మనుషులనుకోవద్దు. మీ సొంత నాయనమ్మ గడి ఉన్న వరసలోనే పెట్టండి. ‘రెండో’ అన్న మాట అక్కర్లేదు. బతికున్నవాళ్ళ వివరాలు మాత్రం ఇంటివాళ్ళకే కనబడేలా చూసుకోండి.

అత్తయ్య వద్దంటే పెట్టొద్దు. ఆ తల్లి ఆవిడది. అప్పుడు కూడా ‘తెలియదు’ అన్నది తీసేసి, “అత్తయ్య వాళ్ళమ్మ” అని రాయండి. అది చూసి మీ అన్నయ్య గొడవకొస్తే నేరుగా వ్యాసర్‌పాడికో, ఆవిడ ఎక్కడుంటే అక్కడికో వెళ్ళి ఆ మాట ఆవిడతోనే చెప్పమనండి.