కౌలు పొలం, అద్దె బ్యారన్‌తో పొగాకు వేస్తే మిగులుతుందా?

ప్రకాశం జిల్లాలో నాలుగెకరాలు కౌలుకు తీసుకుని, బ్యారన్ (పచ్చి ఆకును మంట వేడితో ఆరబెట్టే గది) అద్దెకు పట్టి వర్జీనియా పొగాకు వేస్తే, కిలో 300 రూపాయల చొప్పున ఎంత మిగులుతుందని అడిగారు. మీ లెక్కలో ఖర్చులన్నీ బాగానే రాశారు. తేడా అంతా ఆ 300 దగ్గరే ఉంది. ఆ ధర మీ ఆకు మొత్తానికి రాదు.

మాది టంగుటూరు వైపు. నాన్నకు ఒక బ్యారన్, సొంత పొలం రెండెకరాలు ఉండేవి. మిగతాదంతా కౌలే. నేను ఉద్యోగంలో చేరేదాకా మా ఇంట్లో ఫీజులు, పెళ్లిళ్లు, అప్పులు అన్నీ వేలం తేదీలను బట్టే నడిచేవి. అందుకే పేపర్లో ‘గరిష్ఠ ధర ఇంత’ అని చూసి ఎవరైనా పొగాకులో దిగుతానంటే నాకు భయం వేస్తుంది. గరిష్ఠ ధర అంటే ఆ రోజు వేలం ఫ్లోర్ మీద బాగా పండిన బ్రైట్ గ్రేడు (మంచి పసుపు రంగు ఆకు) బేళ్లకు, అంటే ఆకు కట్టలకు పలికింది. ఒకే మొక్క మీద అడుగు ఆకు వేరు, నడిమి ఆకు వేరు, చివరి ఆకు వేరు. అడుగు ఆకుకి ఇసుక పట్టి ఉంటుంది, తూకం రాదు. చివర్లో వాన పడితే పై ఆకు మచ్చలు తేలుతుంది. బ్యారన్‌లో మంట కాస్త ఎక్కువైతే పసుపు రంగు రావాల్సిన ఆకు ఎర్రబడుతుంది. ఇవన్నీ మీడియం, లోగ్రేడు కింద పోతాయి. పెట్టుబడి మాత్రం ఆకు ఆకుకీ ఒకటే.

2015లో నాన్నతో కలిసి వేలం కేంద్రానికి వెళ్లాను. బేళ్లు వరసగా పేర్చి ఉంటాయి. కొనేవాళ్లు వరస వెంట నడుస్తూ బేలు మధ్యలోంచి గుప్పెడు ఆకు లాగుతారు. వేళ్లతో నలిపి, వాసన చూసి ముందుకి వెళ్లిపోతారు. ఏడాది కష్టానికి ధర కట్టడానికి పట్టే సమయం అంతే. ఆ రోజు మా బ్రైట్ బేళ్లు పోయాయి. లోగ్రేడు బేళ్ల దగ్గరికి వచ్చేసరికి ఒక కంపెనీ మనిషి ఆకు లాగి చూసి, అక్కడే పడేసి దాటిపోయాడు. వెనక వచ్చినవాళ్లు లాగి కూడా చూడలేదు. నోబిడ్, అంటే ఎవరూ ధర పాడలేదు. నాన్న వంగి, కింద పడిన ఆకును ఏరి మళ్లీ బేలులోకి దోపాడు. ఆ ఆకును ఎవరూ కొనరని అప్పటికే తేలిపోయింది, అయినా దోపాడు.

నోబిడ్ అయితే ఏమవుతుందో బయటివాళ్లకు తెలియదు. బేళ్లు మళ్లీ ట్రాక్టర్ ఎక్కించి ఇంటికి తేవాలి. విప్పాలి. మళ్లీ గ్రేడు చేయాలి. ఎండలో ఆకు ముట్టుకుంటే పొడైపోతుంది కాబట్టి తెల్లవారుజామున మంచుకి పదునెక్కాక కూర్చోవాలి. అమ్మ, పిన్ని చీకటితోనే లేచి లైటు కింద ఒక్కో ఆకూ విడదీసేవాళ్లు. చేతులకి పట్టిన నల్లటి జిగురు సబ్బుకి పోదు. అన్నం తింటుంటే నోటికి చేదు తగిలేది. ఇంత చేశాక బేలు తూకం తగ్గుతుంది, కిరాయి రెండోసారి పడుతుంది, ధర మొదట అనుకున్నదానికన్నా తక్కువే వస్తుంది. ఆ ఏడాదే మా జిల్లాలో పొగాకు రైతులు వరసగా ఆత్మహత్యలు చేసుకున్నారు. వాళ్లలో చాలామంది కౌలు రైతులే అయి ఉంటారని నా గట్టి నమ్మకం.

తర్వాత ధరలు పెరిగిన మాట నిజమే. 2019-20లో కిలో సగటున 124 రూపాయలు పలికింది, 2023-24కి 279 దాటింది. రైతు బాగుపడ్డాడని అందరూ అన్నారు. మా ఊళ్లో నేను చూసింది వేరు. ధర పెరిగిన మరుసటి ఏడాదే పొలం కౌలు పెరిగింది, బ్యారన్ అద్దె పెరిగింది, కట్టెల రేటు, ముఠా కూలి పెరిగాయి. కొత్తగా బ్యారన్ కట్టి పొగాకు బోర్డు లైసెన్సు తెచ్చుకోవడం తేలిక కాదు కాబట్టి, ఉన్న లైసెన్సుకే గిరాకీ. ధర పడిపోయిన ఏడాది మాత్రం ఇవేవీ తగ్గవు. పెరిగిన డబ్బులో పెద్ద వాటా పొలం ఉన్నవాడికీ, బ్యారన్ ఉన్నవాడికీ పోతుంది. నష్టం వస్తే మాత్రం మొత్తం కౌలుదారుడిదే. మీరు దిగబోతున్నది సరిగ్గా ఆ స్థానంలోకే.

పొగాకు మానేసి శనగ వేసుకోవచ్చు కదా అని సలహా ఇచ్చేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. ధర లేక శనగలు కోల్డ్ స్టోరేజీల్లో పెట్టుకుని కూర్చున్న ఏళ్లు మా వైపు ఎన్నో చూశాం. పొగాకుకి కనీసం వేలం ఉంది, డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది, బ్యారన్ మీద అప్పు పుడుతుంది. రైతు పొగాకు వదలలేకపోవడానికి కారణం అదే. పొగాకు మీద ప్రేమ కాదు. సిగరెట్టు మీద వచ్చే పన్నులో చిన్న భాగం పక్కనపెట్టి లోగ్రేడు ఆకును ప్రతి ఏడాదీ కొంటే సగం గొడవ తీరిపోతుంది. 2020లో రాష్ట్ర ప్రభుత్వ కొనుగోలు సంస్థ మార్క్‌ఫెడ్‌ని వేలంలోకి దింపితేనే కదా కింది గ్రేడు కదిలింది! అది ప్రతి సీజన్‌లో ముందే ఎందుకు ఉండకూడదు?

బ్యారన్ గొడవ లేదు కదా అని నల్లబర్లీ అనే ఇంకో రకం పొగాకు వైపు చూస్తారేమో, అది ఇంకా ప్రమాదం. పందిళ్లకు వేలాడదీసి ఆరబెడితే చాలు, నిజమే. కానీ దానికి వర్జీనియాకి ఉన్నట్టు పొగాకు బోర్డు వేలం లేదు. 2024లో వచ్చిన ధర చూసి పర్చూరు వైపు విపరీతంగా వేశారు. 2025లో వ్యాపారులు ముఖం చాటేశారు, చివరికి ప్రభుత్వమే మార్క్‌ఫెడ్‌తో క్వింటాలు గరిష్ఠంగా 12,000కి కొనిపించాల్సి వచ్చింది. మాటల మీద నమ్మి బర్లీ వేయకండి. కొనేవాడు రాసిచ్చిన కాగితం చేతిలో ఉండాలి.

ఇక మీ ప్రశ్నకి వస్తే, సొంత పొలం, సొంత బ్యారన్, గ్రేడింగ్‌కి ఇంట్లో ఇద్దరు మనుషులు ఉంటే పొగాకులో మిగులుతుంది. అది కూడా ఆ ఇద్దరి కూలి లెక్క వేసుకోకపోతేనే. అమ్మ గ్రేడింగ్ చేసిన నెలలకు ఎవరూ ఎప్పుడూ కూలి కట్టలేదు. అది కలిపితే మా ఇంట్లో చాలా ఏళ్లు నష్టమే తేలేది. పొలం, బ్యారన్ రెండూ అద్దెవైతే దిగొద్దని నా మాట. అయినా దిగుతానంటే, అడ్వాన్సు ఇచ్చే ముందు మీకు బ్యారన్ ఇస్తానన్న రైతు అమ్మకాల పట్టీలు మొత్తం తీయించి చూడండి. మార్చిలో బ్రైట్ అమ్మినవి ఎవరైనా గర్వంగా చూపిస్తారు. సీజన్ ఆఖర్లో అమ్మినవి, నోబిడ్ అయి తిరిగొచ్చినవి కూడా అడగండి. వాటన్నిటి మీద సగటు కట్టి, ఆ సగటుని మీ లెక్కలో 300 ఉన్నచోట వేసుకోండి.