విద్యాసంస్థల్లో ఆడపిల్లల పట్ల వివక్షను ఎలా అరికట్టవచ్చు?

చట్టాలు ఉన్నా ఈ వివక్ష ఎందుకు పోవడం లేదని, ఏం చేస్తే పోతుందని మీరు అడిగారు. మన కళాశాలల్లో వివక్ష అవమానం రూపంలో కన్నా రక్షణ రూపంలోనే ఎక్కువగా వస్తుందని, దాన్ని రక్షణేనని మనం ఒప్పుకున్నంతకాలం చట్టాలు బీరువా దాటి రావని నా గట్టి నమ్మకం.

నేను నల్లగొండలో పీజీ చదివే రోజుల్లో మా హాస్టల్ గేటు సాయంత్రం ఆరింటికే మూసేవారు. అదే ఆవరణలోని అబ్బాయిల హాస్టల్‌కు తొమ్మిదిన్నర వరకు వెసులుబాటు ఉండేది. గ్రంథాలయం ఎనిమిదింటి దాకా తెరిచే ఉండేది. పోటీ పరీక్షల పుస్తకాలను బయటికి ఇచ్చేవారు కాదు. చీకటి పడ్డాక వాటిని చదువుకునే అవకాశం అబ్బాయిలకే దక్కేది. ఈ సంగతి వార్డెన్ మేడమ్‌కు చెప్తే ఆమె కోప్పడలేదు సరికదా, "మీకేమన్న అయితే మీ అమ్మానాయినలకు నేనేం జవాబు చెప్పాలె బిడ్డా?" అన్నారు. ఆ మాటలో కపటం లేదు కనుకనే ఎదురు చెప్పడానికి మాకు నోరు రాలేదు. నిజానికి గ్రంథాలయం నుంచి హాస్టల్‌కు వచ్చే దారిలో దీపాలు వెలిగేవి కావు. వాటిని బాగుచేయించవలసినది కార్యాలయం. గదుల్లో కూర్చోవలసి వచ్చింది మాత్రం మేము.

చివరకు ఒక సీనియర్ విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నిబంధనలను ప్రింటు తీయించి తెచ్చింది. ఉన్నత విద్యాసంస్థల్లో లైంగిక వేధింపుల నివారణకు ఉద్దేశించిన 2015 నిబంధనలవి. 2016 మే నెలలో గెజిట్‌లో వెలువడ్డాయి. విద్యార్థినుల భద్రతను సాకుగా చూపి, వారి హాస్టళ్లలో అబ్బాయిలకు లేని నియమాలు పెట్టరాదని అందులోనే స్పష్టంగా ఉంది. ఆ పుటను జతచేసి ప్రిన్సిపాల్‌కు అర్జీ ఇచ్చాము. కొంత కాలానికి దీపాలు వెలిగాయి, గేటు వేళ ఎనిమిదికి మారింది. అయితే బయటికి వెళ్లేటప్పుడు సంతకం చేసే రిజిస్టరు అమ్మాయిలకు మాత్రమే కొనసాగింది.

ఈ వ్యవహారమంతటిలో మా మహిళా విభాగం ఎక్కడా కనిపించలేదు. ఏటా మార్చి 8న ముగ్గుల పోటీ పెట్టి బహుమతిగా స్టీలు డబ్బా ఇవ్వడంతో దాని బాధ్యత తీరిపోయేది. పై నిబంధనల ప్రకారం, విద్యార్థులకు సంబంధించిన లైంగిక వేధింపుల ఫిర్యాదును విచారించే అంతర్గత కమిటీలో విద్యార్థులు ఎన్నుకున్న ముగ్గురు ప్రతినిధులు కూడా ఉండాలి. మా దగ్గర అటువంటి ఎన్నిక జరిగినట్టు నేను ఎన్నడూ వినలేదు. పాఠశాలల తీరూ ఇంతే. బాలికలకు వేరుగా మరుగుదొడ్డి ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్తుంది. కట్టినదానికి తాళం వేసి, తాళంచెవిని టీచర్ల గదిలో పెట్టుకుంటే ఉన్నా లేనట్టే కదా.

మీ కళాశాలలోనూ ఇటువంటి వేళల తేడా ఉంటే నోటిమాటతో వాదించకండి. రెండు హాస్టళ్ల నియమాలను పక్కపక్కన రాసి, తేడాకు కారణమేమిటో రాతపూర్వకంగా తెలుపమని అర్జీ ఇచ్చి, మీ నకలు మీద కార్యాలయం ముద్ర తప్పక వేయించుకోండి.