అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు జో బరో కాలేజీ ఫుట్‌బాల్ తొలి రోజుల్లో ఎందుకు బెంచికే పరిమితమయ్యాడు?

ప్రతిభ లేక మాత్రం కాదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో జట్టుకు ఒకేసారి ఒక్క క్వార్టర్‌బ్యాకే (బంతిని పాస్‌లుగా విసురుతూ దాడిని నడిపించే ఆటగాడు) ఆడతాడు. బరోది ఆ స్థానమే. బరో 2015లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో చేరేనాటికి అక్కడ ఆ స్థానంలో జె.టి. బారెట్ పాతుకుపోయి ఉన్నాడు. మొదటి ఏడాది బరోను మ్యాచుల్లో దింపకుండా సాధనకే ఉంచారు. అలా చేస్తే కాలేజీ జట్టుకు ఆడేందుకు ఆటగాడికి ఉన్న నాలుగేళ్ల అర్హతలో ఒక ఏడాది ఖర్చు కాదు. తర్వాతి రెండేళ్లు అదనపు ఆటగాడిగానే గడిచాయి. 2017 సీజన్‌కు ముందు చేతి ఎముక విరగడంతో బారెట్ తర్వాతి రెండో స్థానం కూడా మరో క్వార్టర్‌బ్యాక్ డ్వేన్ హాస్కిన్స్‌కు దక్కింది. అక్కడ బరో విసిరిన పాస్‌లు మొత్తం 39 మాత్రమే.

నన్ను బాగా ఆకట్టుకునేది అతని చదువు. మూడేళ్లలోనే డిగ్రీ పూర్తి చేశాడు. అప్పటి నిబంధనల ప్రకారం పట్టభద్రుడు కాలేజీ మారితే ఏడాది ఆగకుండా వెంటనే ఆడవచ్చు. అందుకే 2018లో లూసియానా స్టేట్ యూనివర్సిటీకి వెళ్లగానే మైదానంలోకి దిగాడు.

ఆ సీజన్ మామూలుగానే సాగింది: 16 టచ్‌డౌన్ పాస్‌లు (ప్రత్యర్థి గీత దాటించి పాయింట్లు తెచ్చే పాస్‌లు). 2019లో జో బ్రేడీ అనే యువ కోచ్ వచ్చి, మైదానం నలుమూలలా పాస్‌లు విసిరే పద్ధతి తెచ్చాడు. రక్షణ వ్యూహాన్ని క్షణాల్లో చదవగల బరోకు అది సరిగ్గా సరిపోయింది. 60 టచ్‌డౌన్ పాస్‌లు, 15 మ్యాచుల్లో 15 విజయాలు, కాలేజీ ఫుట్‌బాల్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ, జాతీయ టైటిల్. 2020 ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ లీగ్ జట్లు కొత్త ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే కార్యక్రమం) సిన్సినాటి బెంగాల్స్ జట్టు అతన్నే మొట్టమొదట ఎంచుకుంది.