టోగుల్‌ను క్లాడ్‌కు కలపొచ్చు, మార్చే అధికారం మాత్రం ఇవ్వకండి

మీరు టోగుల్ ట్రాక్ అనే టైమర్ యాప్‌లో పని గంటలు నమోదు చేసుకుంటున్నారు, దాన్ని ఆంత్రోపిక్ కంపెనీ ఏఐ అయిన క్లాడ్‌కు కలిపితే వారం టైమ్‌షీట్ అదే తయారు చేస్తుందా అని అడిగారు. చేస్తుంది. నేను హైదరాబాద్‌లో ఉండి అమెరికా క్లయింట్లకు రాత్రిపూట పని చేస్తాను, ఇన్‌వాయిస్‌తో పంపే వివరాలు ఇలాగే తీస్తున్నాను.

కలపడం తేలికే. ఏఐని బయటి యాప్‌లతో కలపడానికి 2024 నవంబరులో ఆంత్రోపిక్ తెచ్చిన ఎంసీపీ పద్ధతిలో, టోగుల్ కోసం రాసిన సర్వర్లు (మధ్యలో నిలిచి కలిపే చిన్న ప్రోగ్రాములు) కోడ్ పంచుకునే సైట్ గిట్‌హబ్‌లో ఉన్నాయి. ఒకటి దించుకుని, టోగుల్ ప్రొఫైల్ పేజీలోని ఏపీఐ టోకెన్‌ను (బయటి ప్రోగ్రాములు మీ డేటా చదవడానికి వాడే రహస్య కోడ్) క్లాడ్ డెస్క్‌టాప్ యాప్ కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైల్లో పెట్టి, యాప్ మూసి మళ్లీ తెరవాలి. టోకెన్ అంటే పాస్‌వర్డే అనుకోండి, చాట్‌లో పేస్ట్ చేయకండి.

అసలు తలనొప్పి టైమ్ జోన్‌తో. టోగుల్ ఏపీఐ సమయాలను యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక కాలంలో) ఇస్తుంది, అది మనకంటే ఐదున్నర గంటలు వెనక. ఆదివారం అర్ధరాత్రి దాటాక ఒకటిన్నరకు టైమర్ నొక్కితే మనకది సోమవారం, యూటీసీలో ఇంకా ఆదివారం రాత్రి 8 గంటలే. ఆ పని కాస్తా పోయిన వారం ఖాతాలో పడుతుంది. నైట్ షిఫ్ట్ వాళ్లకు ఇది ప్రతి వారం గొడవే. ఇంకోటి, నడుస్తున్న టైమర్ వ్యవధి మైనస్ అంకెగా వస్తుంది, దాన్ని కలిపితే మొత్తమే తేడా కొడుతుంది. అందుకే నేను క్లాడ్‌కు ముందే ఇలా చెప్తాను: “తేదీలు భారత కాలమానంలోకి మార్చాకే వారాలుగా విడగొట్టు. నడుస్తున్న టైమర్ వదిలెయ్. కూడికలు కోడ్ రాసి చెయ్యి.” ఆ చివరి మాట మర్చిపోకండి, పెద్ద జాబితాను నోటి లెక్కలా కూడితే ఏఐ తప్పుతుంది.

క్లాడ్ అసలు ఉపయోగం ఎంట్రీల వర్ణనల దగ్గర. నా ఎంట్రీలు “కాల్”, “బగ్”, “మళ్లీ అదే బగ్” అన్నట్టుంటాయి. వాటిని ప్రాజెక్టువారీగా చేర్చి, క్లయింట్‌కు అర్థమయ్యే వాక్యాలుగా మారుస్తుంది. ఒక్క మాటే ఉంటే మాత్రం ఊహించి రాసేస్తుంది, టైమర్ దగ్గరే ఇంకో రెండు మాటలు టైప్ చేయండి.

ఆ సర్వర్ క్లాడ్‌కు ఇచ్చే టూల్స్‌లో, టోగుల్ ఎంట్రీలు సృష్టించేవాటిని, మార్చేవాటిని నేను ఆపేశాను. రేపు బిల్లు మీద పేచీ వస్తే చూపించాల్సింది ఆ రికార్డే కదా.

ఆఫీసు అకౌంట్ అయితే మేనేజర్‌ను అడిగాకే కలపండి. క్లయింట్ల పేర్లు, ప్రాజెక్టుల పేర్లు అన్నీ ఏఐ కంపెనీ సర్వర్లకు వెళ్తాయి.