డీ-అడిక్షన్‌కు ట్రాన్స్‌జెండర్ మహిళ వస్తే ఏ వార్డు? ముందు సంతకం సంగతి తేల్చండి

ఒక కౌన్సెలర్ గారు అడిగారు: "మా సెంటర్‌లో మగవాళ్లకు, ఆడవాళ్లకు వేరువేరు వార్డులున్నాయి. మందు మానడానికి ట్రాన్స్‌జెండర్ వ్యక్తి వస్తే ఎక్కడ ఉంచాలి? స్టాఫ్‌కు ఏం నేర్పాలి?"

నేను గుంటూరులో స్టాఫ్ నర్సును. పదిహేడేళ్ల సర్వీసులో ఆరేళ్లు ఒక ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్‌లో చేశాను. వార్డు గురించి తర్వాత చెబుతాను. ఎందుకంటే నేను చూసినంతలో వీళ్లు వార్డు దాకా రానే రారు, కౌంటర్ దగ్గరి నుంచే వెనక్కి వెళ్లిపోతారు.

2019 వేసవి. రాత్రి తొమ్మిదిన్నరకు ఆటోలో ఇద్దరు దిగారు. ఒకామెకు ముప్పై ఏళ్లుంటాయి. రెండో ఆవిడ పెద్దామె, ఈమెకు గురువు. హిజ్రాల్లో గురువంటే తల్లి కిందే లెక్క. అన్నం పెట్టేదీ, జ్వరమొస్తే పక్కన కూర్చునేదీ ఆవిడే. "ఇక్కడికి వస్తున్నాం కదా అని నిన్న రాత్రి నుంచి చుక్క ముట్టనివ్వలేదు సిస్టరమ్మా" అంది పెద్దామె గర్వంగా. నా గుండె జారిపోయింది. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే కొన్ని గంటల్లోనే వణుకు మొదలవుతుంది, రెండు రోజుల్లోపు ఎప్పుడైనా ఫిట్స్ రావచ్చు. ఈమెకు అప్పటికే దాదాపు ఇరవై నాలుగు గంటలైంది. మంచినీళ్ల గ్లాసు ఇస్తే రెండు చేతులతో పట్టుకున్నా సగం నీళ్లు చీర మీద ఒలికిపోయాయి.

కౌంటర్‌లో కుర్రాడు ఆధార్ చూసి, అందులో ఉన్న మగ పేరు హాలంతా వినబడేలా పిలిచాడు. కూర్చున్నవాళ్లంతా తలలు తిప్పి చూశారు. ఆమె కొంగు తల మీదికి లాక్కుంది. తర్వాత ఫారం. తండ్రో భర్తో సంతకం పెట్టాలట. "నేనే దాని తల్లిని, నేను పెడతా" అంది పెద్దామె. "రక్తసంబంధం ఉండాలమ్మా, రూలు" అన్నాడు. పల్నాడులో ఉన్న అన్నకు ఫోన్ చేయించాడు. "అలాంటివాళ్లెవరూ మాకు లేరు" అని ఆయన పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఇక మేనేజర్‌కు ఫోన్, మేనేజర్ నుంచి ఓనర్‌కు ఫోన్. పై అంతస్తులో నేనొక్కదాన్నే డ్యూటీ. రెండుసార్లు కిందికి దిగి అడిగాను గానీ గట్టిగా పోట్లాడలేదు. అది నా తప్పే. గంటన్నర సేపు ఆ చెక్క బెంచీ మీదే కూర్చోబెట్టారు.

పదకొండింటికి ఆ బెంచీ మీదే ఫిట్స్ వచ్చాయి. ఎవరో తాళాల గుత్తి తెచ్చి ఆమె చేతిలో కుక్కుతున్నారు. దయచేసి ఈ ఇనుము పెట్టడం మానండి, నోట్లో గుడ్డలూ చెంచాలూ అసలే పెట్టకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టాను. పెద్దామె తన సంచి మడిచి తల కింద పెట్టింది. డ్యూటీ డాక్టర్ పరుగున వచ్చి ఫిట్స్ ఆపే లోరాజెపామ్ ఇంజెక్షన్ చేశారు. బీ1 విటమిన్ ఎక్కించాకే గ్లూకోజ్ పెట్టించారు. ఆ తర్వాత రక్తసంబంధం గురించి ఎవరూ అడగలేదు. పెద్దామె వేలిముద్రతోనే అడ్మిషన్ అయిపోయింది. ఆ వేలిముద్ర గంటన్నర ముందే తీసుకుని ఉండాల్సింది. తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

అసలు అలాంటి రూలే లేదని నాకు తర్వాత తెలిసింది. మద్యం, మత్తు మందుల వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కిందికే వస్తాయి. మేజరైన మనిషి తెలివిలో ఉండి తనంతట తాను చేరతానంటే ఆ మనిషి సంతకం చాలు. తన తరఫున నిలబడే మనిషిని కూడా తానే ఎంచుకోవచ్చు. 14వ సెక్షన్ చదవండి. తెల్ల కాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేస్తే సరిపోతుంది. ఆ మనిషి రక్తసంబంధీకులే కావాలన్న షరతు లేదు.

ఈ ట్రైనింగుల గురించి కూడా చెప్పాలి. హోటల్ హాల్లో బ్యానర్ కట్టి, ఇంగ్లిషులో స్లైడ్లు చూపించి, భోజనం పెట్టి, గ్రూప్ ఫొటో తీసి పంపిస్తారు. నేను మూడింటికి వెళ్లాను. ఈ తెల్ల కాగితం సంగతి ఒక్కరూ చెప్పలేదు. పిలిచేది డాక్టర్లనూ కౌన్సెలర్లనూ. కౌంటర్ కుర్రాణ్ని, వాచ్‌మన్‌ని, ఆయాని పిలవరు. గేటు లోపలికి వచ్చిన మనిషికి ముందు కనబడేది వాళ్లే కదా! మీరు నేర్పదలచుకుంటే వాళ్లతో మొదలుపెట్టండి. ఆధార్ పేరు ఫైల్లో ఉండనివ్వండి, పిలిచే పేరు ఏమిటో మెల్లగా అడిగి ఫైలు పైన పెన్సిల్‌తో రాయండి.

ఇక వార్డు. ఆమెనే అడగండి. మేము మూడో రోజున అడిగాం. ఆడవాళ్ల వార్డులో మూల మంచం చాలంది. మిగతా పేషెంట్లు గొడవ చేస్తారని మేనేజర్ భయపడ్డారు. రెండు రోజులు తిరక్కుండానే పక్క మంచం ఆవిడ ఈమె చేత జడ వేయించుకుంటోంది.

కానీ ఈలోపే, నాలుగో రోజున, వెళ్లిపోతానంది. మందు మీదికి మనసు లాగుతోందని డాక్టర్ అనుకున్నారు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. మొహానికి అడ్డం పెట్టుకున్న కొంగు తీయకుండానే, "గడ్డం వస్తోంది సిస్టర్, ఇలా అందరి ముందూ అన్నం తినలేను" అంది. బ్లేడ్లు, రేజర్లు వార్డులోకి రానివ్వం. ఎవరైనా ఏమైనా చేసుకుంటారన్న భయంతో పెట్టిన రూలు అది, మంచిదే. అందుకని పొద్దున్నే ఆరింటికి రేజర్ నేనే తీసుకెళ్లి, అద్దం ముందు పది నిమిషాలు పక్కన నిలబడి, మళ్లీ వెనక్కి తెచ్చేసేదాన్ని. నా డ్యూటీ లేని రోజున ఇంకో సిస్టర్‌కు అప్పజెప్పేదాన్ని. ఇంకెప్పుడూ వెళ్లిపోతానని అనలేదు. ఇరవై ఎనిమిది రోజులూ ఉంది.

ఆమె సంచిలో గర్భనిరోధక మాత్రల షీట్లు దొరికాయి. ఒళ్లు ఆడవాళ్లలా మారాలని రోజుకు మూడు నాలుగు మింగేది. సిగరెట్టు తాగేవాళ్లు వాటిని అలా మింగితే రక్తనాళాల్లో గడ్డలు కట్టే ప్రమాదం పెరుగుతుంది. అందుకే ఏమేం వాడుతున్నారో మొహం చిట్లించకుండా అడగాలి. తిట్టి లాక్కుంటే దాచుకుని మింగుతారు. హార్మోన్ల డాక్టర్ దగ్గరికి పంపండి. ఆ కోరికనే "నయం చేస్తాం" అనే డాక్టర్ల దగ్గరికి మాత్రం పంపకండి. అలాంటి వైద్యాన్ని వృత్తిపరమైన తప్పిదమని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది.

డిశ్చార్జి రోజున పెద్దామెకు రెండు సంగతులు చెప్పి పంపాను. ఒకటి ఆ కాగితం. రెండోది, ఇంట్లో తాగుడు ఒక్కసారిగా ఆపించవద్దని, ఆపే ముందే డాక్టర్‌ని అడగమని. మీ దగ్గరికి ఫోన్లు చేసేవాళ్లకూ ఇదే చెప్పండి. మానసిక సమస్యలకు ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446.

2021 చివర్లో ఆ పెద్దామె ఇంకో చేలాను, అంటే శిష్యురాలిని, తీసుకొచ్చింది. కౌంటర్‌లో వాళ్లు ఫారం తీసేలోపే సంచిలోంచి మడతపెట్టిన తెల్ల కాగితం తీసి ముందు పెట్టింది. కింద ఆ అమ్మాయి సంతకం, పక్కన ఈవిడ వేలిముద్ర. నన్ను చూసి దగ్గరికొచ్చి, "ఈసారి ఆపించలేదు సిస్టరమ్మా. డాక్టరు గారిని అడిగే తీసుకొచ్చా" అంది.