50 మి.మీ. పైపులో వాల్ షియర్ స్ట్రెస్ (ప్రవాహం పైపు గోడను తన దిశలో లాగే బలం, చదరపు మీటరుకు) 0.32 పాస్కల్ వచ్చింది, సరైనదేనా?

సరైనది కాదు. 50 మి.మీ. పైపు, సెకనుకు 2 మీటర్ల వేగంతో నీళ్ళు, జవాబు 0.32 అనగానే తెలిసిపోయింది: మీరు లామినార్ ఫ్లో (పొరలు పొరలుగా సాగే ప్రశాంత ప్రవాహం) వేగానికుండే పారాబోలాను డిఫరెన్షియేట్ చేశారు. మీ రేనాల్డ్స్ నంబర్ (ప్రవాహం ప్రశాంతమో అల్లకల్లోలమో చెప్పే సంఖ్య) దాదాపు లక్ష, అంటే మీది టర్బులెంట్ (అల్లకల్లోల) ఫ్లో. టర్బులెంట్ ఫ్లోలో వేగం గోడ పక్కనే ఒక్కసారిగా పెరుగుతుంది. గోడ దగ్గర న్యూటన్ సూత్రం (షియర్ స్ట్రెస్ = స్నిగ్ధత × వేగం వాలు) అప్పుడూ నిజమే, కానీ అక్కడి వాలు ఎంతో మనకు తెలియదు.

బీటెక్‌లో ఇలాంటి సెటప్ మీదే నేను వేరే తప్పు చేశాను. బ్లాసియస్ సూత్రంతో (0.316ను రేనాల్డ్స్ నంబర్ నాలుగో మూలంతో భాగిస్తే) ఫ్రిక్షన్ ఫ్యాక్టర్ (గోడ రాపిడిని కొలిచే సంఖ్య) 0.0178 వచ్చింది. దాన్ని సాంద్రత × వేగం వర్గంతో గుణించి 2తో భాగించాను. 35 పాస్కల్! రికార్డు చూసి మా సార్ అడిగింది ఒక్కటే: "మానోమీటర్ ఏమంటోంది?"

మానోమీటర్ (పైపులో రెండు చోట్ల పీడనం తేడా చూపే పాదరసపు గొట్టం) వైపు అప్పటిదాకా చూడనే లేదు. 2 మీటర్ల దూరానికి పాదరసం తేడా 18 మి.మీ., అంటే (పాదరసం మీదున్న నీళ్ళ బరువు తీసేస్తే) సుమారు 2,225 పాస్కల్. ప్రెషర్ డ్రాప్‌ను వ్యాసంతో గుణించి, పొడవుకు నాలుగింతలతో భాగిస్తే 13.9 పాస్కల్. ఇది కేవలం బలాల లెక్క కాబట్టి లామినార్‌కైనా టర్బులెంట్‌కైనా చెల్లుతుంది. పైపు అడ్డంగా ఉండాలి, ట్యాపింగ్‌లు (మానోమీటర్ తగిలించే రంధ్రాలు) వంపుకు బాగా దూరంగా ఉండాలి, అంతే.

ఫ్రిక్షన్ ఫ్యాక్టర్లు రెండు రకాలు: డార్సీ, ఫానింగ్. నా 0.0178 డార్సీ ఫ్యాక్టర్, దానికైతే 2తో కాదు, 8తో భాగించాలి. 2తో భాగించేది ఫానింగ్ ఫ్యాక్టర్‌కి, అది డార్సీలో నాలుగో వంతు. మన సివిల్, మెకానికల్ పుస్తకాల్లో హెడ్ లాస్ (రాపిడికి పోయే పీడనం, నీటి ఎత్తులో) సూత్రం ముందు 4 కనిపిస్తే అక్కడున్నది ఫానింగే. పేరు ఒక్కోచోట ఒక్కోలా రాస్తారు, పేరును నమ్మకండి. లామినార్ విలువ చూడండి: 64 బై రేనాల్డ్స్ అయితే డార్సీ, 16 అయితే ఫానింగ్.

సరిచేస్తే 8.9 వచ్చింది. అయినా 13.9తో కలవలేదు. బ్లాసియస్ సూత్రం నునుపు పైపులకు, మాది జి.ఐ. (జింకు పూత పూసిన ఇనుప) పైపు. గరుకుదనం 0.15 మి.మీ. పెట్టి మూడీ చార్ట్ (రేనాల్డ్స్ నంబర్, గరుకుదనాలను బట్టి డార్సీ ఫ్యాక్టర్ చూపే పటం) చూస్తే ఫ్యాక్టర్ 0.0274, షియర్ స్ట్రెస్ 13.7. (ఇంత దగ్గరగా రావడంలో అదృష్టమూ ఉంది, మానోమీటర్‌లో 1 మి.మీ. తేడా పడితే 5 శాతానికి పైగా మారిపోతుంది.) గోడకు అంటుకుని ఉండే జిగట పొర మందం అక్కడ 0.05 మి.మీ. కూడా ఉండదు, గరుకులు దాన్ని చీల్చుకుని బయటికొస్తాయి.

మీ పైపు పీవీసీ అయితే 8.9 రాసేయండి.