మన తిరుపతి, మన తిండి: మీ ప్రశ్నలకి అక్క జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం తిండి మీదే వచ్చాయి, హోటళ్లు, బండ్లు, మెస్సులు, క్యారేజీలు. అందుకే మిగతావన్నీ పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నా.

ప్రశ్న: అక్కా, మాది పీలేరు పక్కన పల్లె. బాలాజీ కాలనీలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నా. హాస్టల్ కూడు నోట్లో పెట్టలేకున్నా. బయట తింటే నాలుగు దినాలకోసారి కడుపునొప్పి, పైగా బస్టాండ్ దగ్గర తింటే ఇంట్లో పంపే డబ్బులు పదిహేనో తారీఖుకే అయిపోతా ఉండాయి. ఊర్లో వాళ్లు రోజూ ఎక్కడ తింటారో చెప్పండి.
(ఒక విద్యార్థిని, తిరుపతి)

జవాబు: తల్లీ, ఊర్లో వాళ్లు బస్టాండ్ దగ్గర తినరు, ముందు అది తెలుసుకో. మన ఊరికి రోజూ వేలకు వేల మంది యాత్రికులు వస్తారు కదా, బస్టాండు, రైల్వేస్టేషన్, అలిపిరి రోడ్డు, ఈ మూడు చోట్ల అంగడి పెట్టినోళ్లకి ఈరోజు తిన్న మనిషి రేపు రాడని తెలుసు, రేటైనా రుచైనా దాన్ని బట్టే ఉంటాయి. అందరినీ ఒకే గాటన కట్టను, స్టేషన్ వైపు భీమాస్ లాంటి హోటళ్లు ఏళ్ల తరబడి పేరు నిలబెట్టుకున్నాయి, చుట్టాలొస్తే మేమూ తీసుకెళ్తాం, కానీ స్టూడెంట్ రోజూ తినే లెక్క అది కాదు.

రోజూ తినాలంటే సందుల్లోకి రావాలి. బైరాగిపట్టెడ, కొర్లగుంట, భవానీ నగర్, ఏ పేటైనా సరే పొద్దున ఆరున్నర ఏడు మధ్యలో ఒక రౌండ్ వెయ్యి, స్టీలు క్యారియర్ పట్టుకున్న పెద్దాయన, డ్యూటీకి పోయే నర్సులు, ఆటో డ్రైవర్లు, వీళ్లందరూ కలిసి ఏ బండి ముందు నిలబడి ఉంటే నువ్వూ అక్కడే నిలబడు. ఆ బండి ఆయనకి తెలుసు, చట్నీ కొంచెం తేడా వచ్చినా రేపు పొద్దున అదే మనుషులు వచ్చి మొహం మీదే అడుగుతారని. ఆ భయం ఏ లైసెన్సు కన్నా బాగా పనిచేస్తుంది.

దోశ పోసేటప్పుడు ఒకసారి దగ్గర నిలబడి చూడు. పెనం మీద నీళ్లు చిలకరించి, చుయ్యిమని ఆవిరైపోగానే సగానికి కోసిన ఎర్రగడ్డతో రుద్ది, గరిటెడు పిండి పోసి తిప్పుతారు, అది సగం కాలాక ఎర్రకారం పూస్తారు, అంటే ఎండుమిరపకాయలు, ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉప్పు కలిపి మెత్తగా నూరింది, దాని పైన పప్పులపొడి చల్లి చుట్టూ నూనె వేస్తారు. ఈ వరస తప్పకుండా, పెనం ప్రతిసారీ తుడుస్తా, డబ్బులు తీసుకున్న చేత్తో పిండి ముట్టకుండా చేసేవాళ్లు కనిపిస్తే ఆ బండి వదలొద్దు.

ఇంక నీ కడుపునొప్పి సంగతి. చాలామంది నూనెనే తిడతారు గానీ నాకు చట్నీ మీదే అనుమానం. ఇడ్లీ ఆవిరి మీద ఉడికి పొగలు కక్కుతా ప్లేట్లోకి వస్తుంది, దాంతో భయం లేదు. టెంకాయ చట్నీ మాత్రం తెల్లవారుజామున నూరింది, పది గంటల దాకా ఎండలో బకెట్లో ఉంటుంది, మధ్యలో చిక్కబడిందని నీళ్లు కలుపుతారు, ఆ నీళ్లు ఎక్కడివో మనకి తెలీదు. మన ఊరి ఎండలకి సూక్ష్మజీవులు పెరగడానికి అంతసేపు చాలు. కాబట్టి ఎనిమిదిన్నర లోపల తింటే చట్నీ వేయించుకో, ఆలస్యమైతే పొడి, ఎర్రకారం, లేదా పొయ్యి మీద తెర్లుతా ఉన్న సాంబారు, అంతే. నూనె మాటకొస్తే, వాడిన నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్, అంటే నూనె మళ్లీ మళ్లీ కాగితే పుట్టే చెడు పదార్థాలు, 25 శాతం దాటకూడదని 2018 జూలై నుంచి దేశమంతా రూల్ ఉంది. నువ్వు అది కొలిచే మిషన్ పట్టుకుని తిరగలేవు కదా, బాండ్లీలో నూనె నల్లగా జిగటగా ఉండి నురగ కడుతుంటే, పొగకి కళ్లు మండుతుంటే ఆ రోజు వడ, పూరీ మానేసెయ్.

మధ్యాహ్నానికి యూనివర్సిటీల చుట్టుపక్కల మెస్సులు చూడు, నెల కార్డు తీసుకునే ముందు నాలుగు పూటలు విడిగా తిని చూడు, పప్పు రోజూ ఒకే రుచి వస్తుంటే మంచిదే, రసం నీళ్లలా ఉంటే వద్దు. చేతిలో డబ్బులు అయిపోయిన రోజు అన్న క్యాంటీన్లో 5 రూపాయలకి కడుపు నిండుతుంది, 2024 ఆగస్టులో మళ్లీ తెరిచారు కదా, దానికి మొహమాటం అక్కర్లేదు. రాత్రికి వారంలో రెండు సార్లైనా రాగి సంగటి తిను. వంద గ్రాముల రాగుల్లో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, ఎదిగే ఆడపిల్లకి అది చాలా అవసరం. నాటుకోడి కొనలేకపోతే ఊరుబిండి పచ్చడితో తిను, పీలేరు పిల్లకి దాని రుచి నేను చెప్పాలా.

ప్రశ్న: మేడమ్, మా వీధి టిఫిన్ సెంటర్లో వేడి వేడి సాంబారు పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోసి ముడేస్తాడు, వడలు పేపర్లో చుట్టిస్తాడు. రుచి మాత్రం బ్రహ్మాండం. చెప్తే ఏమనుకుంటాడో అని ఊరుకుంటున్నా. నిజంగా అంత హానికరమా?
(రిటైర్డ్ ఉద్యోగి, కొర్లగుంట)

జవాబు: హానికరమే సార్. న్యూస్ పేపర్ సిరాలో సీసం లాంటివి ఉంటాయి, వేడి నూనె తగిలితే అవి తిండికి అంటుకుంటాయి, అందుకే పేపర్లో తినే వస్తువులు చుట్టొద్దని ఎఫ్ఎస్ఎస్ఏఐ (తిండి భద్రత చూసే కేంద్ర సంస్థ) వాళ్లు 2016లో చెప్పారు, 2023లో మళ్లీ గట్టిగా చెప్పారు. క్యారీ బ్యాగులైతే 120 మైక్రాన్ల కన్నా పల్చనివి 2022 డిసెంబర్ ఆఖరు నుంచి అసలు వాడకూడదు. మరిగే సాంబారు అంత పల్చటి కవర్లో పొయ్యడం ఏ లెక్కన చూసినా తప్పే.

కానీ మీరు ఊరుకోవడం నాకు నచ్చలేదు. రుచి బాగుంది, రోజూ పోతున్నారు, అంటే ఆయన మీకు తెలిసిన మనిషే కదా. రద్దీలో పదిమంది ముందు అనకండి, తొమ్మిదిన్నర దాటాక పెనం చల్లారేటప్పుడు పోయి, 'అబ్బయా, నీ వడ కోసం రోజూ వస్తాండా, ఆ పేపర్ బదులు అరటాకు ముక్క పెట్టియ్యి' అని చెప్పండి. మీరు మాత్రం రేపటి నుంచే రెండు గిన్నెల క్యారియర్ తీసుకెళ్లండి. ఒకరు తెస్తే పక్కింటోళ్లూ తెస్తారు, కవర్ల ఖర్చు తగ్గేది ఆయనకే, అది ఆయనకి మీకన్నా ముందు అర్థమవుతుంది.

ప్రశ్న: అక్కా, నేను నా భర్త చనిపోయినాక ఇడ్లీ బండి పెట్టుకొని ఇద్దరు పిల్లల్ని చదివిస్తాండా. ఇప్పుడు ఎదురింటోళ్లు పొగ వస్తోందని, బైకులు అడ్డం పెడుతున్నారని గొడవ చేస్తాండారు. మున్సిపాలిటీకి చెప్పి లేపించేస్తామంటాండారు. రేపు పొద్దున వచ్చి తీసెయ్యమంటే నేనేం చేయాల?
(టిఫిన్ బండి నడిపే ఆమె, తిరుపతి)

జవాబు: అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివినా. ముందు భయపడొద్దు. వీధి వ్యాపారుల కోసం 2014లో చట్టం వచ్చింది, దాని ప్రకారం ప్రతి ఊర్లో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో కనీసం 40 శాతం మంది మీలాంటి వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. సర్వే చేసి సర్టిఫికెట్ ఇస్తారు. బండిని ఒక చోటు నుంచి మార్చాలన్నా లేపాలన్నా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఎవరో నోటి మాటతో రేపు పొద్దున తీసెయ్ అనడానికి లేదు.

అయితే నీ వైపు కాయితాలు సరిగ్గా ఉండాల. కార్పొరేషన్ ఆఫీసులో మెప్మా (పట్టణ పేదల కోసం ఉన్న ప్రభుత్వ సంస్థ) వాళ్లని కలిసి సర్వేలో నీ పేరుందో లేదో కనుక్కో, లేకపోతే రాయించుకో. ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ చేయించుకో, చిన్న బండ్లకి ఫీజు పెద్దదేం కాదు, 14 అంకెల నంబర్ వస్తుంది, అది బండి మీద కనిపించేలా అంటించు. ఎవరైనా అధికారి వచ్చినప్పుడు ఆ నంబర్ చూపించగలిగిన మనిషితో మాట తీరే వేరుగా ఉంటుంది.

ఇంక ఎదురింటోళ్ల మాట. వాళ్ల బాధ కూడా నిజమే తల్లీ, పొద్దున్నే కిటికీ తెరిస్తే పొగ వస్తే ఎవరికైనా కోపం వస్తుంది, అడ్డం పెట్టిన బైకుల వల్ల వాళ్ల వాహనం తియ్యలేక ఆఫీసుకి లేటైతే ఇంకా వస్తుంది. కట్టెల పొయ్యి అయితే గ్యాస్‌కి మారు. వాళ్ల గేటు ముందు రెండు ఇటుకలు పెట్టి అక్కడ బైకు పెట్టొద్దని నువ్వే కస్టమర్లకి చెప్పు, గంటకోసారి ఊడ్చి, కడిగిన నీళ్లు వాళ్ల వాకిట్లోకి పోకుండా బకెట్లో పట్టు. ఒకరోజు పొద్దున పెద్దావిడ బయటికి వచ్చినప్పుడు పోయి మాట్లాడు, పిల్లల చదువు సంగతి చెప్పు. చట్టం నీ వెనక ఉందని తెలుసుకొని మాట్లాడితే గొంతులో వణుకు రాదు, అందుకే అది ముందు చెప్పినా.

ప్రశ్న: చెన్నై నుంచి ఫ్రెండ్స్ వస్తున్నారు. కింద ఎగ్ బిర్యానీ పార్సిల్ కట్టించుకుని కొండ మీద రూమ్‌లో తినొచ్చా?

జవాబు: వద్దు నాన్నా. మాంసం, గుడ్డు, మందు, సిగరెట్ ఏదీ కొండ మీదికి తీసుకుపోకూడదు, అలిపిరి దగ్గర సామాన్లు చెక్ చేస్తారు. కిందే తినేసి ఎక్కండి. పైన తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో భోజనం ఉచితం, 1985లో మొదలైన అన్నదానం ఇప్పటికీ నడుస్తా ఉంది, మీ వాళ్లకి అది తినిపించు, ఎక్కువ సంతోషపడతారు.

ప్రశ్న: వాటర్ బాటిల్ మీద 20 రూపాయలు ఉంటే 30 తీసుకున్నారు. అడిగితే కూలింగ్ చార్జ్ అన్నారు. ఇది కరెక్టేనా?

జవాబు: అంగడిలో కౌంటర్ మీద కొన్నదైతే కరెక్ట్ కాదు, కూలింగ్ చార్జ్ అనేదే లేదు, 1915కి ఫోన్ చేసి కంప్లయింట్ ఇవ్వొచ్చు. హోటల్లో కూర్చుని, వాళ్లు టేబుల్ దగ్గరికి తెచ్చిస్తే మాత్రం ఎమ్మార్పీ కన్నా ఎక్కువ తీసుకోవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఎక్కడ కొన్నారో చూసుకోండి. సర్వీస్ చార్జ్ అని బిల్లులో వేస్తే అది మీ ఇష్టం, కట్టి తీరాలని లేదు.

ప్రశ్న: అక్కా, మా వదినవాళ్లు హైదరాబాద్ నుంచి గంగమ్మ జాతరకి వస్తామంటున్నారు. వాళ్లకి ఏం పెట్టాలి, ఏం చూపించాలి?

జవాబు: మంచి మాట చెప్పినావు. జాతర అంటే మే నెల, ఎండ మండిపోతా ఉంటుంది, చాటింపు వేసినాక ఊరోళ్లు పొలిమేర దాటకూడదని మన పెద్దల మాట, అందరూ ఊర్లోనే ఉంటారు కాబట్టి ఆ వారం గంగమ్మ గుడి ఉన్న తాతయ్యగుంట వైపు వీధులన్నీ కళకళలాడతా ఉంటాయి. తిరుమల నుంచి వెంకన్న చెల్లెలు గంగమ్మకి సారె వస్తుంది, అది తప్పకుండా చూపించు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, రోజుకొకటి కట్టి మగవాళ్లు పిల్లలతో సహా వీధుల్లో తిరుగుతారు, వేషం కట్టినోళ్లు బూతులు తిడతారు, అది మొక్కులో భాగమని మీ వదినకి ముందే చెప్పు, లేకపోతే కంగారు పడతారు.

తిండికి పెద్ద హడావుడి చెయ్యొద్దు. పొద్దున అంబలి ఇవ్వు, రాగిపిండి ముందురోజు రాత్రే కాచి పెట్టుకుని, పొద్దున మజ్జిగ పోసి, చిన్న ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయ పక్కన పెట్టు. అమ్మవారికి పెట్టేదీ అదే. ఎండలో తిరిగొచ్చిన మనిషికి కూల్‌డ్రింకు కన్నా అదే నిలబెడుతుంది. సాయంత్రం మిరపకాయ బజ్జీ, మసాలా బొరుగులు తినడానికి వీధిలోకి తీసుకుపో, కూర్చోబెట్టి ప్లేట్లో పెట్టొద్దు, బండి దగ్గర నిలబడి తింటేనే బాగుంటాయి.

ప్రశ్న: నమస్తే అండీ. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నా, అమ్మ ఒక్కతే కేటీ రోడ్డు వైపు ఇంట్లో ఉంటుంది. మోకాళ్ల నొప్పులతో పొయ్యి దగ్గర నిలబడలేదు. మెస్ నుంచి క్యారేజీ పెట్టిస్తానంటే 'హోటలు కూడు నాకొద్దు' అంటుంది. రోజూ పెరుగన్నం తిని పడుకుంటోంది.

జవాబు: నాయనా, అమ్మ వద్దనేది తిండిని కాదనుకుంటా, ఎవరు వండారో తెలియని తిండిని. కాబట్టి యాప్‌లో ఆర్డర్ పెట్టి అబ్బాయితో పంపిస్తే ఆవిడ తలుపు కూడా తియ్యదు. నువ్వు రెండు రోజులు సెలవు పెట్టి రా. ఆ చుట్టుపక్కల ఇంట్లోనే వండి క్యారేజీలు కట్టే ఆడవాళ్లు ఉంటారు, నాలుగిళ్లు అడిగితే తెలుస్తుంది. వాళ్లలో ఒకామెని మీ ఇంటికి పిలిచి అమ్మ ముందు కూర్చోబెట్టు. వాళ్లిద్దరే మాట్లాడుకోనియ్యి, ఏ ఊరు, ఎవరి పిల్ల, చింతాకు పప్పులో ఏం వేస్తావు, చారులో బెల్లం వేస్తావా లేదా, ఇట్లాంటివన్నీ అమ్మే అడుగుతుంది. ఉప్పు, కారం ఎంత ఉండాలో అమ్మనే చెప్పమను.

మొదట మధ్యాహ్నం ఒక్క పూటే పెట్టించు, అన్నం ఇంట్లో కుక్కర్లో అమ్మ వండుకుంటుంది, పప్పు, కూర, చారు మాత్రం వస్తాయి. క్యారేజీ మీ ఇంటిదే ఇవ్వు, అమ్మ పేరు చెక్కిన పాతది ఉంటే అదే. డబ్బులు నువ్వు ఫోన్లో పంపొద్దు, నెల నెలా అమ్మ చేతే ఇప్పించు, బాగాలేకపోతే బాగాలేదని చెప్పే హక్కు అప్పుడే ఆవిడకి ఉంటుంది.